నేలలో ఉన్న తెగులుకు ఆకు మీద మందా?

ఈ హాస్టల్లో ఉన్న మనలో చాలామందికి ఊర్లో ఎకరమో రెండెకరాలో చెల్క ఉంటుంది. లేనివాళ్ళు కౌలుకు చేస్తారు. యాసంగిలో వేరుశనగ వేయాలంటే విత్తనానికే అప్పు తేవాలి. మొలిచిన కొన్నాళ్ళకే మొక్కలు వాడిపోతుంటే మనోళ్ళు మందుల దుకాణానికి ఉరుకుతారు. వాళ్ళిచ్చిన డబ్బా తెచ్చి ఆకుల మీద కొడతారు. ఆ పైసలు దండగ అని మేము అంటున్నాము.

వాడిన మొక్కను పీకి మొదలు చూడండి. నల్లటి బూజు ఉంటే మొదలుకుళ్ళు. తెల్లటి బూజు, ఆవగింజల్లాంటి ఉండలు ఉంటే కాండం కుళ్ళు. ఆ ఉండలు నేలలో ఏండ్ల తరబడి బతుకుతాయి. అదే చెల్కలో ఏటా వేరుశనగే వేస్తే ఇంకా పెరుగుతాయి. జొన్నో మక్కో మార్చి వేయాలి, లోతుగా దున్నాలి.

నేలలో మంచి బూజు కూడా ఉంది. ట్రైకోడెర్మా దాని పేరు. అది తెగులు బూజును చుట్టుకొని చంపి తింటుంది. కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టించాలి. ఎకరానికైతే 2 కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడలో తడి ఆరకుండా రెండు వారాలు ఉంచి చల్లాలి. తెగులు మందులతో కలిపితే ఇదీ చస్తుంది.

పశువులను అమ్ముకున్న ఇంట్లో పెంట ఎక్కడిదని అడగవచ్చు. నిజమే, అసలు కష్టం అక్కడే ఉంది. కనీసం విత్తనానికి పట్టించడానికైతే పెంట అక్కరలేదు.

మన సాంబారులో పడే ఆలుగడ్డదీ ఇదే కథ. దాని మీద గరుకు మచ్చలు తెచ్చే గజ్జి తెగులు సూక్ష్మజీవికి పులుపు నేల పడదు. ఉదజని సూచిక 5.2 కంటే తగ్గితే తెగులు బాగా తగ్గుతుంది. గడ్డ ఊరే రోజుల్లో నేల తడిగా ఉన్నా తగ్గుతుంది. ఆముదం ఎండు తెగులు కూడా నేలలోదే. దాన్ని తట్టుకునే హరిత రకాన్ని మన పాలెం పరిశోధన స్థానం వాళ్ళే తీశారు. తిమ్మాజిపేటకు పాలెం ఎంత దూరమని? మన ఇండ్లల్లో ఎందరు అక్కడికి పోయి అడిగారు?

దసరా సెలవుల్లో చెబుదాములే అనుకోవద్దు. ఎరువు రెండు వారాలు మాగాలి కాబట్టి అప్పటికి ఆలస్యమవుతుంది. ఇంటికి ముందే ఫోన్ చేయండి.