‘తాగి చచ్చాడు’ అని చేతులు దులుపుకుంటే కుదరదు!

మన వాడల్లో ఎవరైనా లివర్ కేన్సర్‌తో పోతే ఊరు ఒక్క మాటలో తీర్పు చెప్పేస్తుంది: ‘తాగి చచ్చాడు.’ తాగుడు లివర్‌ను పాడుచేసి కేన్సర్‌కు దారితీస్తుంది, నిజమే. ఆ సంగతి 1992లో సారా మీద తిరగబడిన దూబగుంట ఆడోళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కానీ ఒక్క సారాని బోనెక్కించి తక్కిన దోషుల్ని ఎందుకు వదిలేస్తున్నారు?

ఒకటి, హెపటైటిస్ బి. పురిట్లో తల్లి నుంచి బిడ్డకొస్తుంది. ఒకరికి పొడిచిన సూది ఇంకొకరికి పొడిచినా వస్తుంది. ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యకుండా లివర్‌ను తింటుంది. రెండు, అఫ్లటాక్సిన్. చెనిక్కాయకీ మొక్కజొన్నకీ పట్టే బూజు కక్కే విషం ఇది. కాయ ఊరేటప్పుడు వాన మొహం చాటేసినా, పీకిన కాయ తడిసినా ఆ బూజు పెరుగుతుంది. ఉడకేసినా వేయించినా విషం పూర్తిగా పోదు.

ఈ రెండూ ఒకే ఒంట్లో కలిస్తే? చైనాలో షాంఘై నగరంలో 18 వేల మందికి పైగా మగవాళ్ల మీద చేసిన పరిశీలన 1994లో అచ్చయింది. రెండూ లేనివాళ్లతో పోలిస్తే, విషం ఒక్కటే ఉన్నవాళ్లకి లివర్ కేన్సర్ ముప్పు 3 రెట్లు పైన. వైరస్ ఒక్కటే ఉంటే 7 రెట్లు. రెండూ ఉంటే దాదాపు 60 రెట్లు! బడిలో 3, 7 కలిపితే 10 అని చెప్తాం. ఒంట్లో ఆ కూడిక నడవదు. దానికి తాగుడు కూడా తోడైతే ఇంకేం మిగుల్తుంది?

ఇప్పుడు చెప్పండి. మంచి కాయ గ్రేడు కట్టి సంతకెళ్తుంది. ముక్కిన కాయ, పరిగె ఏరిన కాయ ఎవరి గిన్నెలోకొస్తుంది? ఒకే సూదితో నలుగుర్ని పొడిస్తే అడిగే దిక్కులేనిది ఎవరికి? ఇవన్నీ ఒక్క ఒంట్లో కలవడం తలరాత కాదు. కూలీ, కులం, సర్కారు నిర్లక్ష్యం కలిపి పెట్టినవి.

తైవాన్ 1984లోనే పసిబిడ్డలకు హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టింది. అక్కడి పిల్లల్లో లివర్ కేన్సర్ తగ్గింది. మన దేశమంతటికీ ఆ టీకా అందించడానికి 2011 దాకా పట్టింది. అంతకుముందు పుట్టిన కూలోళ్ల పిల్లల్లో ఎంతమందికి కొని వేయించే స్తోమత ఉంది?

అక్కలారా, అన్నలారా! బిడ్డ పుట్టిన 24 గంటల్లో టీకా వేయమని పట్టుబట్టండి. కొత్త సూది విప్పేది కళ్లారా చూడండి. బూజు కాయ, ముడతకాయ ఏరి పారెయ్యండి. హెపటైటిస్ పరీక్షా, మందులూ ఉచితంగా ఇచ్చే జాతీయ పథకం 2018లో వచ్చింది. సర్కారు ఆస్పత్రికి గుంపుగా పోయి అడగండి. అది దానం కాదు, మన హక్కు!