అగ్గిపెట్టెలో పట్టే ఆట!

కంప్యూటర్‌ ముందు గంటలకొద్దీ కూర్చుని ఆడే పెద్ద పెద్ద ఆటలు ట్యాబ్‌లోకి వచ్చేస్తున్నాయి. చూడ్డానికి అదే ఆట. కానీ దాన్ని ఆ చిన్న తెర మీదికి దించడం వెనక ఎంత పనుందో తెలుసా?

ఇరవై ఏళ్ల కిందట సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఏ ఊళ్లో చూసినా నెట్‌ సెంటర్లో ఓ మూల కుర్రాళ్ల గుంపు కనిపించేది. ఒకడు ఆడుతుంటే నలుగురు వెనక నిలబడి 'అటు కాదురా, ఇటు తిప్పు' అంటూ సలహాలిచ్చేవారు. తెరమీద ఏ 'వైస్‌ సిటీ'యో, 'కౌంటర్‌ స్ట్రైకో' ఉండేది. ఆ నెట్‌ సెంటర్లు చాలావరకు ఇప్పుడు జిరాక్సులకూ ఆన్‌లైన్‌ దరఖాస్తులకే పరిమితమయ్యాయి. ఆట మాత్రం ఎక్కడికీ పోలేదు. చేతిలోకీ ఒళ్లోకీ వచ్చేసింది. 2002లో ప్లేస్టేషన్‌-2 మీద, మరుసటి ఏడాది కంప్యూటర్‌ మీద వచ్చిన 'వైస్‌ సిటీ' పదేళ్లు నిండిన సందర్భంగా 2012 డిసెంబరులో ఫోన్లూ ట్యాబ్‌లలోకి దిగింది.

'ఉన్న ఆటను చిన్నగా చేస్తే సరిపోదా, పదేళ్లెందుకు?' అనిపించొచ్చు. సిరిసిల్ల నేతన్న నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన సంగతి మనకు తెలిసిందే. బీరువాలో ఉన్న పట్టుచీరను ఎన్ని మడతలు పెట్టినా అగ్గిపెట్టెలో ఇమడదు. ఇమడాలంటే ఆ కొలత మనసులో పెట్టుకునే నేయాలి. ఆటల సంగతీ అంతే. ఒక యంత్రం కోసం తయారైన ఆటను ఇంకో యంత్రానికి తగ్గట్టు మార్చడాన్ని ఈ రంగంలో 'పోర్టింగ్‌' అంటారు.

వేలు లావు... బటన్‌ సన్నం

మొదటి చిక్కు మన వేలితోనే! మౌస్‌ బాణం మొన తెరమీద ఒక్క చుక్కంత చోటును కూడా గురిచూసి పట్టుకుంటుంది. వేలికొన అలా కాదు, పక్కనున్న రెండు బటన్లను కూడా నొక్కేస్తుంది. పైగా ఏది నొక్కుతున్నామో దాన్నే కప్పేస్తుంది. అందుకే వేలితో నొక్కే బటన్‌ పొడవూ వెడల్పూ కనీసం 44 పాయింట్లుండాలని యాపిల్‌ సంస్థ యాప్‌లు తయారుచేసేవారికి చెబుతుంటుంది. పదుల కొద్దీ బటన్లున్న ఆటలో అన్నిటినీ అంత పెద్దవి చేస్తే ఇక ఆట కనపడేదెక్కడ?

ఇంకోటుంది. కంప్యూటర్లో ఒక బొమ్మ మీదికి బాణాన్ని తీసుకెళ్లి ఊరికే ఉంచితే చాలు, దాని వివరాలు కనిపిస్తాయి. ట్యాబ్‌లో వేలు తాకితే నొక్కినట్టే! కుడి క్లిక్కూ లేదు, కీబోర్డు షార్ట్‌కట్లూ లేవు. వీటన్నిటికీ వేరే దారి వెతకాలి.

ఇక్కడో తమాషా ఉంది. పచ్చీసులా వంతులవారీగా ఆడే ఆటలు ట్యాబ్‌లో తేలిగ్గా ఇమిడిపోతాయి. తీరిగ్గా ఆలోచించి ఒక్కో ఎత్తు వేయొచ్చు కదా. కబడ్డీలా క్షణం ఆగని ఆటలతోనే తంటా. 2012 అక్టోబరులో కంప్యూటర్‌ మీదికొచ్చిన 'ఎక్స్‌కామ్‌: ఎనిమీ అన్‌నోన్‌' వంతుల ఆట. కొన్ని మ్యాపులు తీసేసి, బొమ్మల నాణ్యత కాస్త తగ్గించి 2013 జూన్‌కల్లా ఐప్యాడ్‌లోకి తెచ్చేశారు. వేల సైనికులు ఒకేసారి కలబడే 'రోమ్‌: టోటల్‌ వార్‌' వచ్చింది 2004లో. ఐప్యాడ్‌లోకి వచ్చేసరికి 2016!

పబ్‌జీ చెప్పిన పాఠం

మనవాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ పబ్‌జీ. 2017లో కంప్యూటర్‌ మీద ఊపేసిన ఈ ఆట 2018లో ఫోన్లలోకి వచ్చింది. తయారుచేసినవాళ్లు ఆటను చిన్నది చేసి ఊరుకోలేదు. కంప్యూటర్లో ఆడేవాళ్లు హెడ్‌ఫోన్‌ పెట్టుకుని శత్రువు అడుగుల చప్పుడు వింటారు. బస్టాండులో కూర్చుని ఆడేవాడికి అదేం వినిపిస్తుంది? అందుకని ఆ చప్పుడును మ్యాపు మీద గుర్తుగా చూపించారు. దగ్గరికెళితే తుపాకులూ మందులూ వాటంతటవే సంచిలోకి చేరేలా చేశారు. చవక ఫోన్ల కోసం 'లైట్‌' కూర్పు కూడా తెచ్చారు. అందులో 100 మందికి బదులు 60 మందే, మ్యాపూ చిన్నదే. 2020 సెప్టెంబరులో మన దేశంలో పబ్‌జీని నిషేధించారు, అది వేరే కథ. అది చెప్పిన పాఠం మాత్రం నిలిచింది... ఆడేవాడి చేతిలో ఏముందో, ఎక్కడ కూర్చుని ఆడతాడో ముందు అది చూడాలి!

ఫ్యాను లేని ఇల్లు

ఇక యంత్రం సంగతి. కంప్యూటర్లో చిప్పు వేడెక్కితే చల్లబరచడానికి ఫ్యానుంటుంది. ట్యాబ్‌లో సాధారణంగా ఉండదు. వేడెక్కితే చిప్పు తనంతట తానే నెమ్మదిస్తుంది, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. మెమరీ కూడా తక్కువే. 2010లో వచ్చిన మొదటి ఐప్యాడ్‌లో ర్యామ్‌ 256 ఎంబీ మాత్రమే.

చిప్పు రకం కూడా వేరు. మిర్యాలగూడ మిల్లుల్లో చూడండి... ధాన్యం ఒకటే అయినా ఉప్పుడు బియ్యం కావాలంటే నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టాకే మర పట్టాలి. అలాగే కంప్యూటర్‌ చిప్పుకోసం రాసిన ప్రోగ్రామును ట్యాబ్‌ చిప్పుకు అర్థమయ్యేలా మళ్లీ తయారుచేయాలి. బొమ్మలు గీసే భాగాన్నయితే చాలాసార్లు కొత్తగానే రాయాలి. మధ్యలో ఫోనొచ్చినా, బ్యాటరీ అయిపోయినా ఆట ఎక్కడ ఆగిందో అక్కడే మళ్లీ మొదలవ్వాలి. ఇంత చేసినా 2017 డిసెంబరులో 'సివిలైజేషన్‌ 6' ఐప్యాడ్‌లోకి వచ్చినప్పుడు ఐప్యాడ్‌ ఎయిర్‌ 2, ఆ ఏటి కొత్త ఐప్యాడ్‌, ఐప్యాడ్‌ ప్రోలున్నవాళ్లే ఆడగలిగారు. మొదటి 60 వంతులు ఉచితం, ఆ తర్వాత పూర్తి ధర 60 డాలర్లు!

కొన్నా... మనదేనా?

అంత పోసి కొన్నాక ఆట ఎప్పటికీ ఉంటుందా అంటే, అదీ చెప్పలేం. 2007 నాటి 'బయోషాక్‌' 2014లో ఐప్యాడ్‌లోకి వచ్చింది. ఏడాది తిరగ్గానే ఐఓఎస్‌ కొత్త వెర్షన్‌తో పొసగక యాప్‌ స్టోర్‌ నుంచే మాయమైంది. 2017లో ఐఓఎస్‌ 11 వచ్చి పాత 32 బిట్‌ యాప్‌లన్నిటికీ తలుపు మూసేసింది. పోర్టింగ్‌ ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదు. ఇల్లు కట్టాక ఏటా సున్నం కొట్టించుకోవాల్సిందే!

మనకెందుకిదంతా?

ఆటలే కదా అని తీసిపారేయకండి. ఎలక్ట్రానిక్‌ ఆర్ట్స్‌ లాంటి పెద్ద సంస్థకు హైదరాబాద్‌లో స్టూడియో ఉంది. గేమ్‌లాఫ్ట్‌ కూడా ఇక్కడ స్టూడియో నడిపింది. కంప్యూటర్‌ కోర్సు చదివే పిల్లలకు పోర్టింగ్‌ మంచి బడి. ఒకరి ప్రోగ్రామును చదివి, అర్థం చేసుకుని, తక్కువ మెమరీలో నడిపించడం వస్తే ఏ ఉద్యోగంలోనైనా అక్కరకొస్తుంది.

అంతకన్నా పెద్ద సంగతి మరొకటుంది. మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌... ఆ ఫోనో, ట్యాబో! చెల్లి పాఠాలు, అన్న ఉద్యోగ దరఖాస్తు, తమ్ముడి ఆట అన్నీ దాంట్లోనే. ఆట సరిగ్గా కుదరకపోతే తమ్ముడు ఇంకో ఆట చూసుకుంటాడు. అదే ఫోన్లో తెరిస్తే 'సబ్మిట్‌' బటన్‌ కనపడని దరఖాస్తు పేజీతో అన్న ఏం చేయాలి? చేతిలో ఫోనుండీ, బండెక్కి కోదాడో సూర్యాపేటో వెళ్లి, డబ్బులిచ్చి వేరేవాళ్లతో నింపించుకోవాలి. గడువు ఆ సాయంత్రమే అయితే... అంతే సంగతులు!

ఆటలవాళ్లు చప్పుడును కూడా బొమ్మగా మార్చి చూపించారు. దరఖాస్తు పేజీలు చేసేవాళ్లూ విడుదలకు ముందు ఒక్కసారి చవక ఫోన్లో తెరిచి, బొటనవేలితో నింపి చూస్తే చాలు... ఎందరికో ఓ రోజు కూలీ, బస్సు చార్జీ మిగులుతాయి!