కలివికోడి నేల

బిట్రగుంట అనగానే అందరికీ రైళ్లే గుర్తొస్తాయి. అక్కడినుంచి పడమటికి, ఉదయగిరి దారిన పోతుంటే వరిమళ్లు పలచబడి తుమ్మ, రేగు, కలివి పొదలు మొదలవుతాయి. రెవెన్యూ లెక్కల్లో ఇలాంటి నేల చాలావరకు బంజరో, పోరంబోకో. మన కవిత్వంలో దానికి ఆపాటి చోటు కూడా దొరకలేదు. కోకిలకు మామిడితోపు ఇచ్చాం, నెమలికి మబ్బు ఇచ్చాం. ముళ్లపొదల్లో బతికే కలివికోడిని మాత్రం ఎవరూ పలకరించలేదు. ప్రపంచంలోని అత్యంత అరుదైన పక్షుల్లో అదొకటి.

నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ సేకరించిన ఈ పక్షిని 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత దాని జాడ లేకపోవడంతో అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట దాన్ని పట్టుకొచ్చాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అక్కడ వెతుకుతున్న భరత్ భూషణ్ ద్వారా ఆ కబురు లోకానికి తెలిసింది. ఎనభై ఏళ్లకు పైగా పండితులకు దొరకనిది అడవి తెలిసిన మనిషి చేతికి చిక్కింది. ఈ విషయాన్ని మనం తగినంతగా తలుచుకోలేదని నా అభిప్రాయం.

కలివికోడి పగలు కనబడదు. మాటుమణిగాక తిరుగుతుంది. అందుకే పరిశోధకులు పొదల మధ్య నేల చదును చేసి, మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక అడుగులు చూశారు. మూడు వేళ్ల ముద్ర పడితే ఆశ. అది తీతువు అడుగు కాదని కొలిచి తేల్చుకోవాలి. పొద్దుగుంకాక కాసేపు వినిపించే రెండక్షరాల పిలుపు మరో ఆనవాలు.

దీని దగ్గరి చుట్టాలన్నీ ఆఫ్రికాలోనే ఉన్నాయి. ఆ ఖండంలోనే, చుట్టం కాకపోయినా, కెన్యాలోని టైటా కొండల్లో టైటా అపాలిస్ అనే చిన్న పాటపిట్ట కూడా ఐయూసీఎన్ జాబితాలో దీనిలాగే తీవ్ర ప్రమాదంలో ఉన్నట్టు నమోదైంది. అక్కడ కొండ అడవి కొట్టి పొలాలు చేశారు. పోయింది అడవేనని అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇక్కడ పోతున్నది కూడా అడవేనని మనవాళ్లను ఒప్పించాల్సి వస్తోంది.

కలివికోడికి కావలసింది చిట్టడవి, పొదల నడుమ ఖాళీ నేల. గొర్రెలు మితంగా మేసినా, పొయ్యిలోకి నాలుగు కట్టెలు కొట్టుకున్నా ఓర్చుకుంటుంది. యంత్రంతో పొదలను వేళ్లతో సహా పెకిలించి నిమ్మతోట వేస్తే ఇక అక్కడ బతకలేదు. పచ్చదనం పేరుతో చిక్కగా చెట్లు నాటినా అంతే. తెలుగుగంగ కాలువ దాని ఆవాసం మీదుగా రాబోతే అభ్యంతరాలు లేచి దారి మార్చాల్సి వచ్చింది. అలా మార్చడం సాధ్యమేనని అప్పుడే తేలింది.

కడప వైపు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంతో సరిపెట్టుకోకుండా, నెల్లూరు వైపు పెనుశిల నరసింహ అభయారణ్యంలోనూ, దాని బయటి పొదల్లోనూ సాయంత్రాలు చెవి పెట్టి వినే ఏర్పాటు చేయాలి. ఆ పనికి ఈ నేల తెలిసిన యానాదులను జీతమిచ్చి, పేరు రాసి పెట్టుకోవాలి. బీడు భూములను పరిశ్రమలకు రాసిచ్చేముందు ఒక్క ఏడాది రాత్రిపూట సర్వే జరగాలి. కథకులూ కవులూ, మీ ఊరి ముళ్లపొదల గురించి రాసి పంపండి. వచ్చే సంచికలో వాటికి పేజీలు కేటాయిస్తున్నాం.