ఉమ్మడి గోడకు అవతల

నెదర్లాండ్స్ నగరాల్లో సామాన్య కుటుంబాల ఇల్లు చాలాచోట్ల విడి కట్టడంగా ఉండదు; ఇరువైపులా గోడలను పొరుగువారితో పంచుకుంటూ, వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగే ఇళ్ల వరుసలో అది ఒక భాగం. డచ్చివారు రైట్యెస్‌హౌస్ అని పిలిచే ఈ వరుస ఇళ్లలో పాతవి, అంటే రెండవ ప్రపంచ యుద్ధానికి ముందటివి, ఓడరేవులకూ కర్మాగారాలకూ పల్లెల నుంచి తరలివచ్చిన కార్మికుల కోసం వెలిశాయి. వాటిలో కొన్నిటిని తక్కువ పెట్టుబడితో త్వరగా కట్టి అమ్ముకున్న వ్యాపారులు నిర్మించగా, మరికొన్నిటిని 1901 నాటి గృహనిర్మాణ చట్టం కల్పించిన ప్రభుత్వ రుణాలతో లాభాపేక్ష లేని గృహసంస్థలు నిర్మించాయి. ఒకే వీధిలో ఏ తలుపు వెనక ఎవరి యాజమాన్యం ఉన్నదనే విషయం ఆనాటి నుంచే భిన్న మార్గాలు పట్టింది. నేడు అక్కడ ఇల్లు కొనేవారి భవితవ్యాన్ని నిర్ణయించేది ప్రధానంగా ఈ విషయమే.

రాటర్‌డామ్ దక్షిణ భాగంలోని బ్లూమ్‌హాఫ్, హిల్లెస్లౌస్, టార్వెవైక్ పేటలు ఇందుకు మంచి ఉదాహరణ. మొదట దేశంలోని దక్షిణ ప్రాంతాల రైతుకూలీలు, 1960ల నుంచి టర్కీ, మొరాకో కార్మికులు, 1975లో సురినామ్ స్వతంత్రమైన కాలంలో అక్కడినుంచి వచ్చిన కుటుంబాలు, యూరోపియన్ యూనియన్ తూర్పుకు విస్తరించాక పోలండ్, బల్గేరియా పనివారు ఈ పేటల్లో స్థిరపడ్డారు. గృహసంస్థలు 1990ల నుంచి తమ ఇళ్లలో కొన్నిటిని విడివిడిగా అమ్ముతూ రావడంతో, ఒకే వరుసలో స్వంత ఇంట్లో ఉంటున్న వృద్ధ దంపతులు, గృహసంస్థకు అద్దె కట్టే కుటుంబం, ఊరిలో ఎన్నడూ కనిపించని పెట్టుబడిదారుడి కింద గదుల లెక్కన అద్దెకుంటున్న కార్మికులు, కొత్తగా అప్పు తీసుకుని కొనుక్కున్న యువ జంట గోడ గోడకు ఆనుకుని జీవించడం సాధారణమైంది.

ఇలాంటి పేటలో ఇల్లు చూసుకునేవారు ముందుగా అడిగే ప్రశ్న అక్కడ ఎలాంటి మనుషులున్నారన్నది. ఈ ప్రశ్నకు ప్రభుత్వ విధానంలోనూ దీర్ఘ చరిత్ర ఉంది. 1972లో ఆఫ్రికాండర్‌వైక్ పేటలో ఒక ఇంటి వివాదం ముదిరి టర్కీ కార్మికులపై దాడులు జరిగినప్పుడు, ఏ పేటలోనూ విదేశీయులు 5 శాతానికి మించరాదని నగరసభ తీర్మానించింది. జాతీయ ప్రభుత్వం ఆ తీర్మానాన్ని నిలవనీయలేదు. రాటర్‌డామ్ చట్టంగా పేరుపడిన శాసనం 2006లో అమలులోకి వచ్చాక, కొన్ని పేటల్లో కొత్తగా అద్దెకు దిగేవారు ఉద్యోగ ఆదాయం వంటి షరతులు నెరవేర్చవలసి వచ్చింది. టార్వెవైక్‌కు చెందిన ఒక కేసులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2017లో ఆ చట్టాన్ని సమర్థించింది. మనుషుల పుట్టుకను, ఆదాయాన్ని లెక్కగట్టి పేటను చక్కదిద్దవచ్చునన్న ఈ ఆలోచన న్యాయదృష్టితో అభ్యంతరకరమైనది మాత్రమే కాక, ఇల్లు కొనేవారికి ఆచరణలో నిరుపయోగమైనది కూడా, ఎందుకంటే వరుస ఇంటికి అసలు ప్రమాదం పక్కింటివారి భాష నుంచో మతం నుంచో రాదు; ఆ వరుస అంతటికీ ఉమ్మడిగా ఆధారమైన నేల నుంచి వస్తుంది.

పశ్చిమ నెదర్లాండ్స్‌లో నేల పైపొరలు బంకమట్టి, పీట్. పీట్ అంటే నీటిలో సగం కుళ్లిన మొక్కల అవశేషాలు శతాబ్దాలుగా పేరుకుని ఏర్పడిన మెత్తని నేల. అది ఇంటి బరువును మోయలేదు కనుక, పొడవైన కొయ్య స్తంభాలను ఆ పొరల గుండా కిందనున్న గట్టి ఇసుక పొర వరకు దిగగొట్టి వాటి తలల మీద గోడలు లేపేవారు. ఆ తలలు భూగర్భజలంలో మునిగి ఉన్నంతకాలం గాలి తగలదు, కొయ్య చెడదు. వర్షాభావం వల్లనో, పగిలిన మురుగు గొట్టం చుట్టుపక్కల నీటిని లాగేయడం వల్లనో నీటిమట్టం స్తంభం తల కంటే కిందికి దిగితే శిలీంధ్రాలు చేరి కొయ్యను తినేస్తాయి; పైన్ కలపకైతే నీటిలో ఉన్నా బ్యాక్టీరియా బెడద తప్పదు. చుట్టూ ఉన్న నేల కుంగుతూ స్తంభాలను తనతోపాటు కిందికి లాగడం మరొక రకమైన నష్టం. పునాది దెబ్బతిన్న ఇంటి గుర్తులు బయటికే కనిపిస్తాయి: ఇటుకల మధ్య సమతలంగా సాగవలసిన సున్నపు గీతలు ఒక పక్కకు ఒరుగుతాయి, తలుపులు బిగుసుకుంటాయి, కిటికీ మూలల నుంచి బీటలు మెట్లు మెట్లుగా ఎక్కుతాయి. జీవన పరిసరాల విషయంలో డచ్చి ప్రభుత్వానికి సలహా ఇచ్చే మండలి 2024 నివేదికలో, దేశంలో సుమారు 4,25,000 కట్టడాలకు పునాది నష్టం ఉందని లేదా రానుందని అంచనా వేసింది.

పునాదిని బాగుచేయడానికి ఇంటికి పదుల వేల యూరోలు, కొన్నిచోట్ల లక్షకు పైగా ఖర్చవుతుంది. సాధారణ గృహబీమా దీనిని భరించదు. అంతకంటే చిక్కైన సంగతి, ఒక్క ఇంటికి మాత్రమే ఈ పని చేయడం అర్థం లేనిది కావడం. బాగుచేసిన ఇల్లు నిలిచి, పక్కిల్లు కుంగుతూ ఉంటే రెంటినీ కలిపే గోడ చీలిపోతుంది. డచ్చి పౌరస్మృతి ఆ గోడను ఇద్దరు యజమానుల ఉమ్మడి ఆస్తిగా గుర్తించి, మాందెలిఖ్‌హైట్ అనే సూత్రం కింద దాని మరమ్మతు ఖర్చును ఇద్దరిపైనా పెడుతుంది. అయితే ఖర్చు పంచుకోవాలని చట్టం చెప్పడం వేరు, వృద్ధాప్య పింఛనుపై బతికే యజమాని, జాడ తెలియని పెట్టుబడిదారుడు, పదేళ్ల ప్రణాళిక ప్రకారం మాత్రమే కదిలే గృహసంస్థ ఒకే ఏడాదిలో ఒకే కాగితం మీద సంతకం చేయడం వేరు. బ్లూమ్‌హాఫ్‌లోనే ఉన్న కీఫ్‌హూక్ దీనికి ఎదురు ఉదాహరణ. జె.జె.పి. ఔట్ రూపొందించగా 1928–30 మధ్య కట్టిన ఈ కార్మికవాడకు ఆధునిక వాస్తుశిల్ప చరిత్రలో గొప్ప పేరుంది. అయినా దాని పునాదులు కుంగాయి. వాడ మొత్తం ఒకే యజమాని చేతిలో ఉండడంతో, 1990ల ప్రాంతంలో వాస్తుశిల్పి వీట్సె పటైన్ ఆధ్వర్యంలో పాత ఆకృతిలోనే దాన్ని తిరిగి కట్టగలిగారు. విడివిడి యజమానుల చేతుల్లో ముక్కలైన వరుసకు ఇలాంటి అవకాశం దొరకడం చాలా కష్టం.

కొనుగోలు విధానం ఈ ఉమ్మడితనాన్ని పట్టించుకోదు. తనకు తెలిసిన లోపాలను చెప్పడం అమ్మేవారి విధి, తగినంత విచారించుకోవడం కొనేవారి విధి అని చట్టం రెండు వైపులా బాధ్యత పెట్టినా, పాత ఇళ్ల ఒప్పందాల్లో సాధారణంగా చేర్చే వయసు నిబంధన, అంటే ఇల్లు పాతది కనుక కొత్త ఇంటి నాణ్యతను ఆశించరాదన్న షరతు, భారాన్ని చాలా మేరకు కొనేవారి వైపు నెడుతుంది. సంతకాల తర్వాత కొనేవారు కారణం చెప్పకుండా వెనక్కి తగ్గడానికి చట్టం ఇచ్చే గడువు మూడు రోజులు. నిపుణుడి సాధారణ తనిఖీ పైకప్పు, చెమ్మ, పాత సీసపు నీటి గొట్టాలు, 1993లో నిషేధించేదాకా వాడుకలో ఉన్న ఆస్‌బెస్టాస్ వంటివాటిని చూస్తుంది. గొయ్యి తవ్వి స్తంభం నుంచి కలప నమూనా తీసే పునాది పరీక్ష వేరే పని, దానిని మొత్తం వరుసకు కలిపి చేస్తేనే ఫలితం నమ్మదగినది. దస్తావేజు నోటరీ ముందు పూర్తయి, కదాస్టర్ అనే జాతీయ భూమి రిజిస్టరులో నమోదవుతుంది. స్వయంగా నివసించేవారు సాధారణంగా ధరపై 2 శాతం బదిలీ పన్ను కడతారు. ఈ క్రమం అంతటిలోనూ పక్కింటి ప్రస్తావన ఎక్కడా రాదు.

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల దస్తావేజుల్లో చెక్కుబందీ రాయడం, అంటే నాలుగు దిక్కులా ఎవరి స్థలాలున్నాయో పేర్లతో సహా చెప్పడం, హద్దు తగాదాలు రాకుండా ఏర్పడిన పద్ధతి. ఉద్యోగరీత్యా నెదర్లాండ్స్‌లో స్థిరపడుతున్న తెలుగు కుటుంబాలు ఆ అలవాటును అక్కడ వదులుకోకపోవడం మంచిది. కొద్దిపాటి రుసుముతో కదాస్టర్ నుంచి ఇరుగుపొరుగు ఇళ్ల యజమానులెవరో తెలుసుకోవచ్చు. నగరపాలక సంస్థ దగ్గర ఆ వరుస నిర్మాణ పటాలు, పునాది సమాచారం ఉన్నవేమో అడగవచ్చు. బేరానికి ముందు రెండు వైపులా తలుపు తట్టి, వరుసలో పునాది గురించి ఎప్పుడైనా అందరూ కలిసి మాట్లాడుకున్నారా అని విచారించవచ్చు. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంటున్న టర్కీ కుటుంబానికో సురినామ్ కుటుంబానికో ఏ ఇల్లు ఎప్పుడు ఒరిగిందో, మురుగు గొట్టం ఎప్పుడు మార్చారో తెలిసినంతగా మకెలార్‌కు, అంటే ఇళ్ల దళారికి, తెలియదు. మిశ్రమ పేటను అనుమానంగా చూసేవారు పోగొట్టుకునే మొదటి సంపద ఈ జ్ఞాపకమే.

మరమ్మతుకు బదులు కూల్చివేతను ఎంచుకున్న చోట ఏం జరుగుతుందో ఆఫ్రికాండర్‌వైక్‌లోని ట్వేబోస్‌బ్యూర్ట్ చూపింది. అక్కడ వందలాది సామాజిక అద్దె ఇళ్లను కూల్చి, వాటి స్థానంలో తక్కువ సంఖ్యలో అలాంటి ఇళ్లు కట్టాలన్న నిర్ణయంపై నివాసులు న్యాయస్థానానికి వెళ్లారు; 2021లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధులు సైతం ఆందోళన తెలిపారు. మరమ్మతుకు దారి దొరకని పేట చివరికి కూల్చివేతకే అర్హమని తేలుతుంది, అప్పుడు మొదట వెళ్లవలసి వచ్చేది అద్దెదారులే. 2022 నుంచి నగరాలు కొన్ని పేటల్లో, చవక ఇల్లు కొన్నవారు నాలుగేళ్ల పాటు దాన్ని అద్దెకివ్వకుండా నిషేధించగలుగుతున్నాయి. జాడలేని యజమానుల సంఖ్యను ఇది కొంత తగ్గించగలదు. దీనికి తోడుగా, అమ్మకానికి ఇంధన లేబుల్ తప్పనిసరి అయినట్లే వరుస మొత్తానికి పునాది నివేదిక తప్పనిసరి కావాలి, బ్యాంకు అప్పు పుట్టని యజమాని వాటాను ప్రభుత్వ నిధి ముందుగా భరించి ఇల్లు చేతులు మారినప్పుడు తిరిగి వసూలు చేసుకోవాలి. వరుసలో ఒక్కరి దగ్గర డబ్బు లేకపోతే మిగిలిన పది ఇళ్ల పని ఆగిపోతున్నప్పుడు, ఆ ఒక్కరి అప్పు ఆ ఒక్కరి సమస్యగా మిగలదు.