బూడిదకు బహుమానం: అడగని సభ, చదవని మంత్రి

శాసనసభలో మంత్రి లేచి జవాబు చెప్తాడు. సభ్యులు బల్లలు చరుస్తారు, లేకపోతే కేకలేస్తారు. మర్నాడు పత్రికలో నాలుగు వాక్యాలు పడతాయి. ఆ నాలుగు వాక్యాలతో మనకేం పని అని కూలినాలి చేసుకునేవాడు అనుకుంటే తప్పు పట్టలేం. కడుపు నిండేది రెక్కల కష్టంతోగాని మంత్రుల మాటలతో కాదుగదా! కాని అడగవలసిన ప్రశ్న అడగవలసిన రోజున అడగకపోతే ప్రజల సొమ్ము ఎవరి పాలవుతుందో తెలియాలంటే ఉత్తర ఐర్లండులో జరిగిన కథ తెలుసుకోవాలి. దేశం దూరమే. నీతి మాత్రం మన గడపలోనే ఉన్నది.

ఉత్తర ఐర్లండు బ్రిటన్ ఏలుబడిలో ఉన్న ప్రాంతం. 1998 నాటి ఒప్పందం ప్రకారం దానికి సొంత శాసనసభ, సొంత ప్రాంతీయ ప్రభుత్వం ఏర్పడ్డాయి. రాజధాని బెల్‌ఫాస్ట్ శివార్లలోని స్టార్మంట్ భవనంలో సభ కూర్చుంటుంది. రెండు ప్రధాన వర్గాలూ కలిసి ప్రభుత్వం నడపాలి. ఫస్ట్ మినిస్టరు ఒక వర్గం నుంచి వస్తే, డిప్యూటీ ఫస్ట్ మినిస్టరు రెండో వర్గం నుంచి వస్తారు. పేరుకు డిప్యూటీయేగాని అధికారంలో ఇద్దరూ సమానమే. మంత్రులు వంతుల ప్రకారం సభకు వచ్చి ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

ఈ సభ ముందుకు 2012 అక్టోబరులో ఒక పథకం వచ్చింది. బొగ్గు, చమురు మానేసి కట్టె గుళికలతో మండే బాయిలర్లు పెట్టుకున్నవారికి ప్రభుత్వం ఇరవై ఏళ్లపాటు సబ్సిడీ ఇస్తుంది. పొగ తగ్గుతుంది, వాతావరణం బాగుపడుతుంది. వినడానికి బాగానే ఉన్నది. పథకం తెచ్చింది పరిశ్రమల మంత్రి ఆర్లీన్ ఫాస్టర్. సభ దాన్ని పెద్దగా తరచి చూడకుండానే ఆమోదించింది. 108 మంది సభ్యులున్న సభలో ఒక్కరైనా గట్టిగా పట్టుకోవలసిన ప్రశ్న ఒకటుంది: "అమ్మా, గుళికల ఖరీదెంత? మీరిచ్చే సబ్సిడీ ఎంత?"

లెక్క కూలివాడికైనా అర్థమయ్యేదే. ఒక యూనిట్ వేడి పుట్టించడానికి గుళికల ఖర్చు సుమారు 4.4 పెన్నీలు. ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ 5.9 పెన్నీలు. అంటే ఎంత కాలిస్తే అంత లాభం! ఇదే పథకం బ్రిటన్‌లో అంతకుముందే ఉన్నది. అక్కడ బాయిలరు ఏడాదిలో 1,314 గంటలు నడిచాక రేటు బాగా పడిపోయేది. అవసరానికి మించి కాల్చకుండా అదొక కళ్లెం. ఉత్తర ఐర్లండు వాళ్లు ఆ పథకాన్ని చాలా వరకు అక్కడినుంచే ఎత్తి రాసుకున్నారు. కళ్లెం ఒక్కటీ వదిలేశారు. గుర్రాన్ని కొని కళ్లెం కొనకపోతే అది చేలో పడక ఏం చేస్తుంది?

బాయిలర్లు ఎవరు పెట్టారు? పెట్టుబడి పెట్టగలిగినవాళ్లు, బ్యాంకులో అప్పు పుట్టేవాళ్లు పెట్టారు. కోళ్ల ఫారాల యజమానులు పెద్ద సంఖ్యలో పెట్టారు. 2011 సర్వే ప్రకారం ఉత్తర ఐర్లండులో నూటికి 42 కుటుంబాలు చలికాలం ఇల్లు వెచ్చబెట్టుకోను డబ్బు చాలక అవస్థపడుతున్నాయి. ఆ కుటుంబాల్లోని ముసలివాళ్లు దుప్పటి కప్పుకుని వణుకుతుంటే సర్కారు సొమ్ము షెడ్లలో మండింది. ఇందులో ప్రతి ఆసామీ దొంగ అనడంలేదు. నిబంధన ప్రకారం పెట్టుకుని, నిబంధన ప్రకారం వాడినవారూ ఉన్నారు. తప్పు నిబంధనది. ఆ నిబంధన రాసినవారిది, చదవకుండా చెయ్యెత్తినవారిది.

చెప్పినవాళ్లు లేకా? ఉన్నారు. వేడిని పొదుపు చేసే పరికరాలు అమ్ముకునే ఒక మహిళ 2013లోనే మంత్రికి రాసింది, అధికారులను కలిసింది. పొదుపు ఎవరికీ అక్కర్లేకుండా పోయింది, కిటికీలు తెరిచిపెట్టి మరీ బాయిలర్లు నడుపుతున్నారని మొత్తుకున్నది. జనం అట్లా చేస్తారా అని అధికారులు నమ్మలేదు. ఖాళీ షెడ్డుకు వేడి పెడుతున్నారన్న ఫిర్యాదు కూడా 2016 జనవరిలో వచ్చింది. ఈలోగా 2015లో సబ్సిడీకి కోత పెట్టబోతున్నారని పొక్కింది. కోత నవంబరు దాకా సాగింది. ఆ కొద్ది నెలల్లోనే దాదాపు వెయ్యి దరఖాస్తులు వచ్చిపడ్డాయి. చివరికి 2016 ఫిబ్రవరిలో పథకానికి తలుపు మూశారు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టయింది. ఇరవై ఏళ్లలో ప్రజల నెత్తిన పడే అదనపు భారం 49 కోట్ల పౌండ్లని అప్పట్లో అంచనా వేశారు. ఖర్చంతా లండన్ ఖజానాయే భరిస్తుందనే భ్రమలో ఉన్నవాళ్లకు అప్పుడు తెలిసింది, ఆ డబ్బు తమ ఆసుపత్రులకు, బడులకు రావలసిన వాటాలోంచే కోత పడుతుందని.

ఇక మంత్రి జవాబు చూడండి. 2016 డిసెంబరు 19న సభ సమావేశమైంది. ఫాస్టర్ అప్పటికి ఫస్ట్ మినిస్టరు. ఆమె ప్రకటన చదవడానికి లేస్తే సొంత పార్టీవాళ్లు తప్ప తక్కినవాళ్లు లేచి వెళ్లిపోయారు. డిప్యూటీ ఆమోదం లేని ప్రకటన చెల్లదన్నారు. ఖాళీ కుర్చీలకు ఆమె జవాబు చెప్పుకున్నది. తర్వాత వచ్చిన అవిశ్వాస తీర్మానానికి 39 మంది అనుకూలం, 36 మంది వ్యతిరేకం. అయినా రెండు వర్గాల మద్దతూ లేదు గనుక అది వీగిపోయింది. 2017 జనవరి 9న డిప్యూటీ మార్టిన్ మెక్‌గిన్నెస్ రాజీనామా చేశాడు. దాంతో ప్రభుత్వం కూలింది. మార్చిలో ఎన్నికలు జరిగినా కొత్త ప్రభుత్వం ఏర్పడలేదు. భాష హక్కుల వంటి తగాదాలు కూడా కలిసి, 2020 జనవరి దాకా మూడేళ్లు అడిగే సభ లేదు, జవాబు చెప్పే మంత్రి లేడు.

మాజీ న్యాయమూర్తి పాట్రిక్ కాగ్లిన్ అధ్యక్షతన విచారణ జరిగింది. అక్కడ బయటపడిన సంగతులు ముక్కున వేలేసుకోవలసినవి. తాను సభ ముందు పెట్టిన నిబంధనలను తానే చదవలేదని ఫాస్టర్ 2018లో ఒప్పుకున్నది. కొన్ని సమావేశాలకు చర్చల నమోదే లేదు. రాసిపెడితే సమాచార హక్కు కింద జనం అడుగుతారని రాయకుండా ఉండటమే క్షేమమనుకున్నారని సివిల్ సర్వీసు పెద్ద డేవిడ్ స్టెర్లింగ్ స్వయంగా చెప్పాడు. ఇదీ అసలు రోగం! తప్పు చేయకుండా ఉండటం కాదు, తప్పుకు కాగితం లేకుండా ఉండటం. 2020 మార్చిలో వచ్చిన నివేదిక దీన్ని ప్రధానంగా లంచగొండితనంగా చూడలేదు. పొరపాటు మీద పొరపాటు పేరుకుని ఇంతదాకా వచ్చిందని తేల్చి 44 సిఫారసులు చేసింది.

మరి శిక్ష ఎవరికి పడింది? 2019లో లండన్ పార్లమెంటు చట్టం చేసి సబ్సిడీని కోసేసింది. ఏడాదికి సుమారు 13 వేల పౌండ్లు వచ్చే మధ్యరకం బాయిలరుకు రెండు వేలకు దించారు. ప్రభుత్వం మాట నమ్మి అప్పు తెచ్చిన చిన్న రైతు బ్యాంకు ముందు దోషిగా నిలబడ్డాడు. 2020లో ప్రభుత్వం తిరిగి ఏర్పడినప్పుడు ఫస్ట్ మినిస్టరుగా కూర్చున్నది మళ్లీ ఫాస్టరే. పెద్దల పొరపాటుకు పేదలు జరిమానా కట్టడం ఏ దేశంలోనైనా ఒకటే తీరు.

మనం నేర్చుకోవలసింది ఏమిటి? సబ్సిడీ చెడ్డదని కాదు. శ్రమజీవులకు, చిన్న రైతుకు సబ్సిడీ కావాలి, పోరాడి సాధించుకోవాలి. కాని ఎంత, ఎవరికి, ఎక్కడ ఆగుతుంది అనే మూడు ప్రశ్నలు వేయకుండా వచ్చే సబ్సిడీ ఉన్నవాడి ఇంటికే నడిచిపోతుంది. ఈ ప్రశ్నలు వేయడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరిగాయి. మస్టరు రోలు ఊరి నడుమ బిగ్గరగా చదివితే, పనికి రానివాడి పేరు, చచ్చిపోయినవాడి పేరు కూలి జనమే పట్టి ఇచ్చారు. స్టార్మంట్‌లో 108 మంది ప్రజాప్రతినిధులు చేయలేని పని వేలిముద్రగాళ్లు చేసి చూపించారు.

కాబట్టి కార్యకర్తలు శాసనసభ ప్రశ్నోత్తరాలను ఎమ్మెల్యేలకు వదిలేయరాదు. మన ఊరికి వచ్చిన ప్రతి పథకం కాగితం సంపాదించాలి. సంఘం సమావేశంలో చదివి వినిపించాలి. అర్థంకానిది అడగాలి. జవాబు నోటిమాటగా చెప్తే రాసిమ్మనాలి. రాసిచ్చింది దాచుకోవాలి. మన ఎమ్మెల్యేకు ప్రశ్న మనమే రాసిచ్చి, సభలో అడిగావా లేదా అని తిరిగివచ్చినప్పుడు నిలదీయాలి. సొమ్ము బూడిదయ్యాక విచారణ సంఘాలు ఎన్ని వేసినా తిరిగివచ్చేది కాగితమేగాని సొమ్ము కాదు.