వెబ్ హోస్టింగ్: తొలి ధర చూసి బేరం కుదరదు

మదనపల్లె టమోటా మండీలు, పుంగనూరు చింతపండు వర్తకులు సొంత వెబ్‌సైటు తెరవదలిస్తే హోస్టింగ్ సంస్థలు తొలి ఏడాది చౌక ధర చూపుతాయి. అసలు ధర రెన్యూవల్ నాడు బయటపడుతుంది. కొన్ని ప్లాన్లలో రెండు మూడు రెట్లు. కమీషన్, హమాలీ అడగనిదే సరకు లెక్క కట్టని వర్తకుడు ఇక్కడా 18 శాతం జి.ఎస్.టి.తో మూడేళ్ల ఖర్చు చూడవలసిందే.

అంతకన్నా ముఖ్యం డొమైన్. సైటు కట్టిన కుర్రవాడి పేరిట అది రిజిస్టరైతే బోర్డు యజమానిది, స్థలం పట్టా వేరొకరిది! పేరు, ఈ-మెయిల్, ఫోన్ నంబరు వర్తకుడివే అయితే హోస్టింగ్ సంస్థను ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పాతబాకీ ఉందని సైటు కట్టినవాడు పేరు ఇవ్వకపోతే వ్యాపారం వీధిన పడుతుంది.

ధరల పట్టిక, ఫోన్ నంబరు మాత్రమే ఉండే సైటుకు షేర్డ్ హోస్టింగ్ చాలు. ఖరీదైన క్లౌడ్ సర్వరు వృథా. అయితే మదనపల్లెలో 2023 జూలై చివర మేలురకం టమోటా కిలో 200 రూపాయల దరిదాపులకు చేరినట్టి రోజుల్లో సైటు చూసేవారు ఒక్కసారిగా పెరుగుతారు. ప్లాను మధ్యలో పెంచుకునే వీలుందా అని ముందే అడగాలి.

కుప్పం వర్తకుల కొనుగోలుదారులు కర్ణాటక, తమిళనాడుల్లోనూ ఉంటారు గనుక సర్వరు దేశంలోనే ఉండడం మేలు. డబ్బు కట్టే ముందు ఓ రాత్రివేళ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, ఎవరైనా పలుకుతారేమో చూసుకోవాలి.