లోపలి మనిషికి కనపడాలి

పావగడ తాలూకా పేరుకు తుమకూరు జిల్లాదే గాని మూడు పక్కలా ఆంధ్ర నేలే. ఇంట్లో మాట తెలుగు, ఆఫీసులో కాగితం కన్నడం. వానను నమ్మి శెనక్కాయ వేసే మెట్ట సీమ కావడంతో పిల్లలు బెంగుళూరు బస్సెక్కడం ఇక్కడ కొత్త సంగతి కాదు. ఊళ్లో ఇంటిని కనిపెట్టుకుని ఉండేది పెద్దవాళ్లే. ఆ ఇళ్ల వాకిళ్లలో ఈ మధ్య కెమెరాలు కనిపిస్తున్నాయి. పండక్కి వచ్చిన కొడుకో కూతురో బిగించి పోతారు. దొంగల భయం ఒక కారణం. అంతకంటే పెద్దది, అమ్మ ఒక్కతే ఉందన్న దిగులు. ఆ దిగులు న్యాయమైనది గనుక కెమెరా కావాలా వద్దా అన్న వాదన మాకు అక్కర్లేదు. ఏది కొనాలి, ఎక్కడ పెట్టాలి అని ఆలోచించే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలన్నదే మా మనవి. అందులో బొమ్మను మొదట చూడవలసింది ఎవరు?

ఇంటి తలుపుకు కెమెరా అన్న ఆలోచనకు మూలం ఇంట్లో ఒంటరిగా ఉండే ఒక ఆడమనిషి భయం. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉండే మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ నర్సు. భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ పని తెలిసినవాడు. ఇద్దరి డ్యూటీలూ వేళాపాళా లేనివి. రాత్రిపూట తలుపు చప్పుడైతే వచ్చినవారెవరో తెలియదు, పిలిచినా పోలీసులు వెంటనే వచ్చేవారు కారు. 1966లో ఆ దంపతులు ఒక ఏర్పాటుకు పేటెంటు కోరారు, 1969 డిసెంబరు 2న అది చేతికొచ్చింది. తలుపులో వేర్వేరు ఎత్తుల్లో నాలుగు రంధ్రాలు. వాటి వెనక పైకీ కిందికీ జరిగే కెమెరా. పొడగరి వస్తే పై రంధ్రం, చిన్నపిల్లలు వస్తే కింది రంధ్రం. బొమ్మ పడకగదిలోని తెర మీద పడుతుంది. మంచం మీద నుంచే వచ్చినవారితో మాట్లాడవచ్చు, తెలిసినవారైతే మీట నొక్కి గడియ తీయవచ్చు, అనుమానం వస్తే ప్రమాద సంకేతం పంపవచ్చు. ఆ ఏర్పాటంతా లోపల ఉన్న మనిషి కోసమే. తలుపు తీయాలా వద్దా అన్న నిర్ణయం ఆమె చేతిలో ఉండాలన్నదే దాని ప్రాణం.

మన వాకిళ్లలో ఇది తలకిందులైంది. తలుపు దగ్గర ఎవరో నిలబడితే బెంగుళూరులో కొడుకు ఫోను మోగుతుంది. అతను ఆదరాబాదరాగా ఇంటికి ఫోను చేస్తాడు. "అమ్మా, బయట ఎవరో ఆయప్ప నిలబడుండాడు, తలుపు తీయొద్దు." అప్పటికే ఆమె తలుపు తీసి, చెంబుతో నీళ్లిచ్చి, ఏ ఊరని అడుగుతూ ఉంటుంది. నూట యాభై కిలోమీటర్ల అవతల ఉన్నవాడికి కనిపించిన ముఖం తలుపుకు ఈవల ఉన్న తల్లికి కనిపించలేదు. కొడుకు ప్రేమలో లోపం లేదు, వస్తువును ఎంచుకోవడంలో ఉంది.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే మొదట చూడవలసింది లోపల తెర ఉండే వీడియో డోర్ ఫోను. గంట నొక్కితే తెర వెలగాలి, ఒక్క మీటతో మాట వినపడాలి. కళ్లద్దాలు వెతుక్కోకుండా పోల్చుకునేంత పెద్ద బొమ్మ రావాలి. అంత ఖర్చు వద్దనుకుంటే వైఫై కెమెరా కొని, ఇంట్లో పడి ఉన్న పాత ఫోనునో ట్యాబ్‌నో దేవుని గూటి పక్కన స్టాండుకు ఆనించి, ఎప్పుడూ చార్జింగులో ఉంచి, ఆ ఒక్క యాప్ మాత్రమే తెరిచి పెట్టినా సరిపోతుంది. కొడుకు ఫోనులోనూ రానివ్వండి, తప్పులేదు. కానీ అది రెండోది.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. ఎత్తున పెడితే అంతా కనిపిస్తుందనుకుని సజ్జ కింద పదడుగుల మీద బిగించేవారు ఎక్కువ. అక్కడి నుంచి దానికి కనిపించేది వచ్చినవాడి తలగుడ్డ, బైకు మీద వస్తే హెల్మెట్టు. ముఖం కావాలంటే ఏడడుగుల దరిదాపుల్లో కొంచెం కిందికి వంచి పెట్టాలి. గంటతో కలిసి ఉండే రకమైతే నాలుగడుగుల పైన, మనిషి ఛాతీ ఎత్తున చాలు. మనిషిని కచ్చితంగా పోల్చుకోవడానికి బొమ్మలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. 1920 పిక్సెళ్ల వెడల్పున్న మామూలు రెండు మెగాపిక్సెళ్ల కెమెరాకు ఆ లెక్క కట్టి చూస్తే, వెడల్పుగా చూసే 2.8 మి.మీ. లెన్సుతో సుమారు పదడుగుల దాకా, 4 మి.మీ. లెన్సుతో పదిహేను అడుగుల దాకా ముఖం తెలుస్తుంది. ఆ పైన కనిపించేది మనిషి ఆకారమే. వీధి చివరిదాకా కనిపిస్తుందని దుకాణంలో చెబితే అది మనకు పనికొచ్చే గుణం కాదు. మన గడప ముందరి పదడుగులు తేటగా కనిపిస్తే చాలు.

తూర్పు వాకిలి మంచిదని కట్టుకున్న ఇళ్లలో ఇంకో చిక్కుంది. పొద్దున్నే ఎండ నేరుగా కెమెరా కంట్లో పడుతుంది, వచ్చినవాడు నల్లటి నీడలా మిగులుతాడు. పాలాయన, కూరగాయలామె వచ్చే వేళ కూడా అదే. వెలుగునూ నీడనూ సర్దే డబ్ల్యూడీఆర్ ఉన్నది చూసుకోవాలి. తూర్పుకు ఎదురుగా కాక పక్క గోడకు, ఉత్తరం వైపుకో దక్షిణం వైపుకో తిప్పి పెడితే ఇంకా మేలు. రాత్రి కష్టం వేరు. చీకట్లో చూడటానికి కెమెరా వదిలే ఇన్‌ఫ్రారెడ్ కాంతి పక్కనే ఉన్న తెల్లటి సున్నపు గోడకు తగిలి వెనక్కి వస్తే బొమ్మంతా తెల్లబోతుంది. కెమెరా చుట్టూ పురుగులు మూగుతాయి, పురుగుల కోసం సాలీడు లెన్సు ముందే గూడు కడుతుంది. గాలికి ఆ దారం ఊగిన ప్రతిసారీ ఎవరో వచ్చారని ఫోను మోగుతుంది. పది రోజులు అలా మోగితే పదకొండో రోజు ఎవరూ చూడరు. వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడవడానికి చేతికందే ఎత్తులో ఉండటం అందుకూ మంచిదే.

బ్యాటరీతో నడిచే రకాలు చాలావరకు ఒంటి వేడిని బట్టి మనిషి కదలికను పసిగడతాయి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గాలి వేడి ఒంటి వేడికి దగ్గరపడుతుంది, అప్పుడు వాటికి తేడా తెలియక పోవచ్చు. ఈ సీమలో వైరుతో కరెంటు అందేదే నమ్మకం. సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉన్న తాలూకాలో సోలార్ పలక కెమెరాకు ఎండ కొదవ లేదు. దుమ్ముకూ కొదవ లేదు, తుడవని పలక పనిచేయదు. కరెంటు పోయినప్పుడు కెమెరాతో పాటు రౌటర్ కూడా ఆగిపోతుందని చాలామందికి తట్టదు. రెంటికీ కలిపి ఒక చిన్న యూపీఎస్ పెట్టించుకోవాలి.

ఇక పాస్‌వర్డ్ సంగతి. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం ప్రపంచమంతటా లెక్కలేనన్ని కెమెరాల్లోకి చొరబడింది. కొన్నప్పుడు వచ్చిన పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చకపోవడమే దానికి దొరికిన దారి. మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి భద్రతా పరీక్షలు నెగ్గిన సీసీ కెమెరాలనే అమ్మాలన్న నియమం అమల్లోకి వచ్చింది. కాబట్టి బీఐఎస్ గుర్తు చూసి, బిల్లు తీసుకుని, బిగించిన రోజే పాస్‌వర్డ్ మార్చాలి. బిగించిన కుర్రాడి దగ్గర కూడా అది మిగలకూడదు.

మాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది కెమెరా చూపు ఎక్కడ ఆగాలన్నది. మన ఇళ్లకు అరుగుంటుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక అమ్మ అక్కడే కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. ఇరుగమ్మ వస్తుంది, ఇద్దరూ చింతపండు గింజ తీస్తూ కోడళ్ల సంగతులూ మోకాళ్ల నొప్పులూ చెప్పుకుంటారు. ఇప్పటి కెమెరాలు మాటలు కూడా వింటాయి. కొడుకు వింటాడేమో అని ఆ ఇద్దరూ అరుగు వదిలి పెరట్లోకి పోతే, ఏళ్ల తరబడి ఆమెకు తోడుగా ఉన్న మనిషిని మనమే దూరం చేసినట్టు. కొన్ని కెమెరాల్లో మాటల రికార్డింగును ఆపవచ్చు, బొమ్మలో ఒక భాగాన్ని కప్పేయవచ్చు. అరుగునూ ఎదురింటి తలుపునూ అలా కప్పేయండి. శనివారం శనిమహాత్మ గుడికి వచ్చే జనం నడిచే వీధుల్లో ఇళ్లున్నవారికి ఇది మరీ అవసరం. లేకపోతే దర్శనానికి పోయే ప్రతి ముఖమూ మన కెమెరా మెమరీ కార్డులో చేరుతుంది.

ఇంటి అవసరానికి వ్యక్తులు వాడుకునే సమాచారాన్ని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తన పరిధిలోంచి తప్పించింది. అంతమాత్రాన హద్దు లేదని కాదు. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఒకే ఇంట్లో ఉంటున్న సోదరుల తగాదాలో, రెండోవారి సమ్మతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపకూడదని కలకత్తా హైకోర్టు చెప్పింది. 2025లో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. ఉమ్మడి వాకిలి, మధ్య గోడ ఉన్న మన ఊళ్లలో అన్నదమ్ములు గుర్తుపెట్టుకోవలసిన తీర్పు ఇది.

ఇల్లు తాళం వేసి పోయే రోజుల సంగతి వేరు. అప్పుడు లోపలి మనిషే లేరు గనుక దూరంగా ఉన్నవారి చూపే దిక్కు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటులో, ఊరికి పోతున్నామని యాప్‌లో ముందుగా చెప్పినవారి ఇంట్లో కదలికను గుర్తించే కెమెరా పెట్టి వాళ్లే కాపు కాశారు. మడకశిర, హిందూపురం చుట్టాల ద్వారా ఆ పేరు ఇక్కడా తెలిసినా సరిహద్దు ఈవల అది వర్తించదు. పావగడవారు పక్కింటికి చెప్పిపోవాలి. కొత్త మనిషి కనిపిస్తే ఆ దృశ్యం 112కు, స్టేషనుకు చేరాలి గాని వాట్సాప్ గుంపులకు కాదు. 2018 జులైలో బీదర్ జిల్లా ముర్కి దగ్గర, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడన్న వాట్సాప్ పుకారు నమ్మిన జనం హైదరాబాదు యువ ఇంజనీరు ఒకరిని కొట్టి చంపారు. మన వాకిళ్లలోకి దాసయ్యలు, ఎరుకలసానులు, ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్లు తరతరాలుగా వస్తూనే ఉన్నారు. తెలియని ముఖమైనంత మాత్రాన దొంగ ముఖం కాదు.

నిజంగానే దొంగతనం జరిగితే వెంటనే ఆ భాగాన్ని వేరుగా దాచాలి. కార్డులో కొన్ని రోజుల దృశ్యాలే నిలుస్తాయి, ఆ పైన పాతవాటి మీదే కొత్తవి పడతాయి. కోర్టులో అది సాక్ష్యంగా నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కూడా జత చేయాలి, ఆ సంగతి స్టేషనులోనే అడగవచ్చు.

గోడకు డ్రిల్లింగు పెట్టేముందు ఒక పని చేయండి. కెమెరాను గమ్ టేపుతో తాత్కాలికంగా అంటించి, చీకటి పడ్డాక ఒకరిని గడప ముందు నిలబెట్టి, తెర ముందు అమ్మను కూర్చోబెట్టండి. వచ్చిందెవరో ఆమె చెప్పగలిగితే అక్కడే బిగించండి. చెప్పలేకపోతే అరడుగు కిందికో పక్కకో జరిపి మళ్లీ అడగండి. అరుగు మీద తన చోటు తెరలో కనిపిస్తే ఉంచమంటుందో తీసేయమంటుందో, అది కూడా ఆమెనే అడగండి.